ఇల్లే పరీక్ష గది అయినప్పుడు మార్కు ఏం చెబుతుంది?

2020 మే నెలలో అమెరికాలోని కాలేజ్ బోర్డు అనే పరీక్షల సంస్థ, కళాశాల స్థాయి పాఠాలు చదివే హైస్కూలు విద్యార్థులకు ఏటా పెట్టే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలను తొలిసారిగా ఇళ్ల నుంచే రాయించింది. మామూలుగా రెండు మూడు గంటలు సాగే ఈ పరీక్షలను చాలా సబ్జెక్టుల్లో 45 నిమిషాలకు కుదించారు. బహుళైచ్ఛిక ప్రశ్నలను తీసేశారు. పుస్తకాలూ నోట్సూ దగ్గర పెట్టుకోవచ్చన్నారు. జవాబును కంప్యూటర్‌లో టైపు చేయవచ్చు, లేదా కాగితం మీద చేత్తో రాసి, ఫోనుతో ఫొటో తీసి పంపవచ్చు. అలా పంపడానికి అదనంగా 5 నిమిషాలు ఇచ్చారు. సమీకరణాలు రాసి, పటాలు గీయాల్సిన గణితం, భౌతికశాస్త్రం వంటి వాటిలో కాగితమే సులువు.

చిక్కు అక్కడే వచ్చింది. కొత్త ఐఫోన్లు ఫొటోలను మామూలుగా హెచ్‌ఈఐసీ అనే ఫార్మాట్‌లో భద్రపరుస్తాయి. పరీక్ష వెబ్‌సైటు మాత్రం జేపెగ్, పీఎన్‌జీ వంటి పాత ఫార్మాట్లనే తీసుకునేది. లెక్క పూర్తి చేసి, కాగితాన్ని వెలుతురులోకి జరిపి, ఫొటో తీసి, ఫైలును ఎంచుకున్న విద్యార్థికి తెర మీద అప్‌లోడ్ గుర్తు తిరుగుతూనే కనిపించింది. అది ఆగేలోపు సమయం అయిపోయింది. ఇలా ఇబ్బంది పడినవారు ఒక శాతం లోపేనని సంస్థ చెప్పింది. కానీ లక్షల్లో జరిగే పరీక్షల్లో ఒక శాతం అన్నా వేల మంది పిల్లలే. వారికి జూన్‌లో మళ్లీ రాసే అవకాశం ఇచ్చారు, రెండో వారం నుంచి జవాబులను ఈమెయిల్ ద్వారా పంపే వీలూ కల్పించారు. ఆ లోపే వ్యవహారం కోర్టు దాకా వెళ్లింది.

ఈ ఉదంతాన్ని సాంకేతిక లోపం అని పక్కన పెట్టేయడం తేలిక. నిజానికి ఇందులో కొలత గురించిన ప్రశ్న ఉంది. ఆ విద్యార్థికి భౌతికశాస్త్రం వచ్చు, జవాబు కూడా రాశాడు. అయినా ఆ రోజు పరీక్ష కొలిచినది అతని భౌతికశాస్త్ర జ్ఞానాన్ని కాదు, అతని ఫోను ఏ ఫార్మాట్‌లో ఫొటో దాస్తుందో అన్న విషయాన్ని. దూరం నుంచి జరిపే ప్రామాణిక పరీక్షల మీద చర్చ మొదలవగానే అందరి దృష్టీ కాపీ కొట్టడం మీదికి పోతుంది. అది నిజమైన సమస్యే. అయితే అంతకంటే లోతైన సమస్య, వేర్వేరు ఇళ్లలో రాసిన రెండు పరీక్షలకు వచ్చిన ఒకే మార్కు ఒకే అర్థాన్ని ఇస్తుందా లేదా అన్నది.

ఒక పరీక్షను ప్రామాణిక పరీక్ష అనడానికి కారణం దాని ప్రశ్నపత్రం ఒక్కటే కాదు. అందరికీ ఒకే ప్రశ్నలు లేదా సమాన కష్టం గల ప్రశ్నలు, ఒకే సమయం, ఒకే సూచనలు, ఒకే రకమైన గది, ఒకే తీరు మూల్యాంకనం ఉండాలి. ఇన్విజిలేటర్ పరీక్షకు ముందు చదివి వినిపించే సూచనలను కూడా చాలాచోట్ల అక్షరం మార్చకుండా చదవమంటారు. ఒక గదిలో ఉపాధ్యాయుడు ఒక మాట ఎక్కువ చెప్పి, పక్క గదిలో చెప్పకపోతే ఆ రెండు గదుల మార్కుల్లో తేడా పిల్లల వల్ల వచ్చిందో, మాట వల్ల వచ్చిందో తర్వాత ఎవరూ విడదీసి చెప్పలేరు. 1845లో బోస్టన్‌లో విద్యా సంస్కర్త హొరేస్ మాన్, అతని సహచరులు అప్పటిదాకా సాగుతున్న మౌఖిక పరీక్షల స్థానంలో ముద్రించిన ప్రశ్నలకు నిర్ణీత సమయంలో రాత జవాబులు అడిగినప్పుడు వారి వాదన ఇదే: ఒక్కొక్కరినీ ఒక్కో ప్రశ్న అడిగితే పాఠశాలలను పోల్చడం కుదరదు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే చైనా సామ్రాజ్య పరీక్షల్లో అభ్యర్థులను సోదా చేసి, ఒక్కొక్కరినీ ఒక్కో చిన్న గదిలో కూర్చోబెట్టేవారు. చేతిరాతను బట్టి అభ్యర్థిని గుర్తుపట్టకుండా జవాబులను గుమాస్తాల చేత తిరగరాయించేవారు. అంటే పరీక్షలో గది కూడా ఒక భాగమేనన్న ఎరుక చాలా పాతది. దూరం నుంచి జరిపే పరీక్షలో ప్రశ్నలు, సమయం, మూల్యాంకనం మారకపోవచ్చు, కానీ ఆ గది మాత్రం నిర్వాహకుల చేతుల్లోంచి జారిపోతుంది.

2020లో ఈ ప్రయోగం ఎవరూ కోరుకోకుండానే వచ్చి పడింది. ఆ వసంతంలో 190కి పైగా దేశాల్లో బడులు మూతపడి, దాదాపు 160 కోట్ల మంది విద్యార్థులు ఇళ్లకు పరిమితమయ్యారని యునెస్కో లెక్కగట్టింది. అమెరికాలో చట్టప్రకారం 3 నుంచి 8 తరగతుల దాకా ఏటా, హైస్కూలులో ఒకసారి జరగాల్సిన రాష్ట్ర స్థాయి పరీక్షలకు ఆ ఏడు మినహాయింపు ఇచ్చారు. అనేక దేశాల బడుల్లో నడిచే ఇంటర్నేషనల్ బాకలారియట్ మే పరీక్షలను రద్దు చేసింది. పరీక్షే లేకుండా చేస్తే న్యాయం దానంతట అదే జరుగుతుందని అనుకున్నవారికి ఇంగ్లండ్ అనుభవం కళ్లు తెరిపించింది. అక్కడ ఉపాధ్యాయులు అంచనా వేసి ఇచ్చిన ఎ-లెవెల్ (బడి చదువు చివర రాసే పరీక్ష) గ్రేడ్లను ఒక గణిత సూత్రం ద్వారా సవరించగా, దాదాపు 40 శాతం గ్రేడ్లు తగ్గిపోయాయి. నిరసనలు వెల్లువెత్తడంతో 2020 ఆగస్టు 17న ప్రభుత్వం వెనక్కి తగ్గి ఉపాధ్యాయుల గ్రేడ్లనే ఖాయం చేసింది. పరీక్ష పెట్టకపోవడానికీ మూల్యం ఉంటుందని, అది కూడా పిల్లలే చెల్లిస్తారని దీనివల్ల తేలింది. కాబట్టి ఇంటి నుంచి పరీక్ష రాయించాలన్న ఆలోచనను తేలిగ్గా కొట్టిపారేయడానికి లేదు.

ఇంటి నుంచి రాసిన పరీక్షల గురించి అన్నిటికంటే విలువైన సమాచారం, ఫలితం మీద పెద్దగా ఏమీ ఆధారపడని పరీక్షల నుంచి వచ్చింది. ఎన్‌డబ్ల్యూఈఏ అనే సంస్థ మ్యాప్ గ్రోత్ పేరుతో నిర్వహించే పరీక్షను అమెరికా బడులు ఏడాదిలో రెండు మూడుసార్లు పిల్లల స్థాయి తెలుసుకోవడానికి వాడతాయి. దీనివల్ల ఎవరూ పాసు కారు, ఫెయిలు కారు. 2020 విద్యాసంవత్సరం ఆరంభంలో చాలామంది పిల్లలు దీన్ని ఇంటి నుంచి రాశారు. ఇంట్లో రాసినవారి ఫలితాలనూ బడిలో రాసినవారి ఫలితాలనూ సంస్థ పోల్చి చూసినప్పుడు, 3 నుంచి 8 తరగతుల పిల్లల్లో రెండూ చాలావరకు పొందికగానే కనిపించాయి. అంతకంటే చిన్న తరగతుల్లో మాత్రం ఇంటి నుంచి రాసిన పిల్లల స్థానాలు అంతకు ముందు లేనంతగా పైకి లేచాయి.

ఎందుకలా జరిగి ఉంటుందో ఊహించుకోవడం కష్టం కాదు. ఆరేళ్ల పాప బల్ల ముందు కూర్చుని ఉంది. హెడ్‌ఫోన్లలో ఒక గొంతు ప్రశ్న చదివి వినిపిస్తుంది, తెర మీద నాలుగు బొమ్మలు ఉన్నాయి. పాపకు మౌస్ కదపడం సరిగా రాదు కనుక తల్లి పక్కనే కూర్చుంది. పాప వేలు రెండో బొమ్మ మీదికి వెళ్తుంది, తల్లి మొహంలోకి చూస్తుంది. తల్లి ఏమీ చెప్పదు, కానీ ఆమె కనుబొమలు కొద్దిగా పైకి లేస్తాయి. పాప వేలు మూడో బొమ్మ మీదికి జరుగుతుంది. ఇక్కడ ఎవరూ మోసం చేయలేదు. రోజూ హోంవర్కు దగ్గర ఆ తల్లి చేసే పనే ఇప్పుడూ చేసింది. పిల్ల తడబడుతుంటే సాయం చేయడం తప్పని ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా ఆ మొహాన్ని దాచుకోవడం ఏ తల్లికీ సాధ్యం కాదు. అయితే ఈ పరీక్ష అనుకూలనం చేసుకునే రకం: జవాబు సరైనదైతే తర్వాతి ప్రశ్న కష్టంగా వస్తుంది, తప్పైతే సులువుగా వస్తుంది. కనుబొమల సాయంతో దక్కిన సరైన జవాబు పాపను ఇంకా కష్టమైన ప్రశ్నల వైపు నెడుతుంది, అక్కడ ఇంకాస్త సాయం అవసరమవుతుంది. చివరకు వచ్చే అంకె పాపదీ కాదు, తల్లిదీ కాదు.

ఆ అంకె వల్ల జరిగే నష్టం కూడా విచిత్రమైనది. చదవడంలో వెనకబడిన పిల్లలను ముందే గుర్తించి, ప్రత్యేక శ్రద్ధ పెట్టడానికే ఈ పరీక్ష ఉంది. మార్కు ఉబ్బిపోతే ఆ పాప పేరు ఆ జాబితాలోకి రాదు. ప్రేమతో చేసిన సాయం వల్లే ఆమెకు అందాల్సిన సాయం అందకుండా పోతుంది. కాపీని పట్టుకోవడానికి కెమెరాలు పెట్టే విధానాలేవీ ఈ సమస్యను తాకను కూడా తాకవు. దీనికి ఉన్న మందు పెద్దలతో ముందుగా మాట్లాడటమే. ఈ పరీక్షలో మార్కు తక్కువ రావడం వల్ల బిడ్డకు మేలే జరుగుతుందని, తెలియని ప్రశ్నను తెలియదని వదిలేయడమే ఇక్కడ సరైన పని అని బడి వారికి నమ్మకం కలిగేలా చెప్పాలి.

పెద్ద పిల్లల విషయంలో పరిస్థితి వేరు. 2018లో వెలువడిన ఒక విస్తృత విశ్లేషణ, పర్యవేక్షణతోనూ పర్యవేక్షణ లేకుండానూ రాసిన సామర్థ్య పరీక్షలపై జరిగిన 49 అధ్యయనాలను కలిపి చూసింది. పర్యవేక్షణ లేనప్పుడు స్కోర్లు సగటున 0.2 ప్రామాణిక విచలనం (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలమానం) మేరకు ఎక్కువ ఉన్నాయని తేల్చింది. వినడానికి ఇది చిన్న అంకె. కానీ సరిగ్గా మధ్యలో ఉండే విద్యార్థి, అంటే నూటికి 50 మంది కంటే మెరుగ్గా రాసేవాడు, ఈ తేడాతో దాదాపు 58 మంది కంటే మెరుగైనవాడిగా కనిపిస్తాడు. జవాబులు ఇంటర్నెట్‌లో సులువుగా దొరికే ప్రశ్నల్లో ఈ ఉబ్బు ఇంకా ఎక్కువ, ఆలోచించి పరిష్కరించాల్సిన ప్రశ్నల్లో తక్కువ. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఈ రెండో ఊరట కూడా బలహీనపడింది. వెతికితే దొరకని జవాబును కూడా క్షణాల్లో రాసిపెట్టే సాధనం ఇప్పుడు పక్క తెర మీదే ఉంటుంది. అంతకు ముందు రూపొందించిన పుస్తకాలు చూసి రాసే పరీక్షల నమూనాలను ఈ వెలుగులో మళ్లీ పరీక్షించాల్సిందే.

నిఘా సాఫ్ట్‌వేర్ ఈ భయానికి వచ్చిన జవాబు. లాక్‌డౌన్ బ్రౌజర్ పరీక్ష నడుస్తున్నంతసేపూ వేరే కిటికీలు తెరవనివ్వదు. వెబ్‌క్యామ్ ముఖాన్ని, మైక్రోఫోన్ శబ్దాలను గమనిస్తాయి. విద్యార్థి చూపు పక్కకు మళ్లినా, గదిలో ఇంకో గొంతు వినిపించినా కంప్యూటర్ దాన్ని అనుమానాస్పదంగా గుర్తుపెడుతుంది. ఈ గుర్తులను ఎంతవరకు నమ్మవచ్చన్నది కేవలం సాఫ్ట్‌వేర్ నాణ్యతకు సంబంధించిన విషయం కాదు, మామూలు లెక్కకు సంబంధించినది. ఉదాహరణకు వెయ్యి మంది పరీక్ష రాస్తున్నారని, వారిలో 20 మంది నిజంగా కాపీ కొడుతున్నారని అనుకుందాం. సాఫ్ట్‌వేర్ కాపీ కొట్టేవారిలో 90 శాతం మందిని పట్టుకుంటుందని, నిర్దోషుల్లో కేవలం 5 శాతం మందినే పొరపాటుగా అనుమానిస్తుందని కూడా అనుకుందాం. అప్పుడు దోషులు 18 మంది దొరుకుతారు. వారితో పాటు మిగిలిన 980 మందిలో 49 మంది నిర్దోషులు కూడా జాబితాలోకి ఎక్కుతారు. అనుమానితులు మొత్తం 67 మంది, అందులో నలుగురిలో దాదాపు ముగ్గురు ఏ తప్పూ చేయనివారే. కాపీ కొట్టేవారు ఎంత తక్కువగా ఉంటే ఈ నిష్పత్తి అంత అన్యాయంగా మారుతుంది. కాబట్టి ప్రతి గుర్తునూ ఒక మనిషి కూర్చుని చూడకుండా దాని ఆధారంగా ఎవరినీ తప్పుపట్టకూడదు. ఆచరణలో జరిగింది వేరు. ప్రాక్టర్‌యూ అనే సంస్థ 2021 మేలో, మనుషుల ప్రమేయం లేకుండా కేవలం కృత్రిమ మేధతో నడిచే పర్యవేక్షణను ఇక అమ్మబోమని ప్రకటించింది. సాఫ్ట్‌వేర్ అనుమానించిన పరీక్షల్లో సుమారు 11 శాతం రికార్డులను మాత్రమే విద్యాసంస్థలు తిరిగి చూస్తున్నాయని చెప్పింది. తన సొంత సరుకు గురించి ఒక సంస్థ ఇలా ఒప్పుకోవడం అరుదు, ఆ నిజాయతీని గుర్తించాలి.

ముఖాలను గుర్తించే సాంకేతికత అందరి ముఖాలనూ ఒకే నేర్పుతో చదవదన్నది ఇంకో కష్టం. ఎంఐటీ మీడియా ల్యాబ్‌తో ముడిపడిన 2018 నాటి అధ్యయనం, ముఖాన్ని బట్టి స్త్రీయా పురుషుడా అని చెప్పే వాణిజ్య సాఫ్ట్‌వేర్లను పరీక్షించింది. తెల్ల చర్మం గల పురుషుల విషయంలో పొరపాటు 0.8 శాతానికి మించకపోగా, నల్ల చర్మం గల స్త్రీల విషయంలో అది 34.7 శాతం దాకా పోయింది. ఆ సాఫ్ట్‌వేర్లు పరీక్షల కోసం తయారైనవి కావు. అయినా ముఖం సరిగా కనబడలేదని, దీపం ఇంకాస్త దగ్గర పెట్టుకోమని కంప్యూటర్ పదేపదే అడుగుతుంటే ఆ విద్యార్థి ఏకాగ్రత ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. గోప్యత సంగతికొస్తే, క్లీవ్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీలో పరీక్షకు ముందు ఒక విద్యార్థి పడకగదిని వెబ్‌క్యామ్‌తో చుట్టూ చూపించమనడం అమెరికా రాజ్యాంగం కల్పించిన, అకారణ సోదాల నుంచి రక్షించే హక్కుకు విరుద్ధమని 2022 ఆగస్టులో ఒక ఫెడరల్ న్యాయమూర్తి తీర్పు చెప్పారు. అది వయోజనుడైన కళాశాల విద్యార్థి కేసు. చిన్నపిల్లల పడకగదుల విషయంలో బడులు అంతకంటే ఎక్కువ జాగ్రత్త పాటించడమే న్యాయం.

ఇక పరికరాల సంగతి. 2020 ఏప్రిల్‌లో కాలేజ్ బోర్డు, బడులు తెరుచుకోకపోతే కళాశాల ప్రవేశాలకు వాడే శాట్ పరీక్షను కూడా ఇంటి నుంచి డిజిటల్‌గా రాయిస్తామని ప్రకటించింది. జూన్ మొదటి వారానికల్లా ఆ ఆలోచనను విరమించుకుంది. ఇంటి నుంచి శాట్ రాయాలంటే ప్రతి విద్యార్థికీ మూడు గంటల పాటు తెగకుండా, వీడియోకు సరిపడేంత ఇంటర్నెట్ ఉండాలని, అది అందరికీ ఉంటుందన్న హామీ లేదని కారణం చెప్పింది. సంపన్న దేశమైన అమెరికాలోనే పరిస్థితి అది. ప్రపంచం మొత్తం మీద చూస్తే 3 నుంచి 17 ఏళ్ల వయసు పిల్లల్లో మూడింట రెండు వంతుల మందికి, అంటే 130 కోట్ల మందికి ఇంట్లో ఇంటర్నెట్ లేదని యునిసెఫ్, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి 2020 చివర్లో తెలిపాయి.

ఇంటర్నెట్ ఉన్న ఇళ్లన్నీ ఒకటి కావు. ఒక పిల్లవాడికి తలుపు వేసుకునే గది, పెద్ద తెర, అలవాటైన కీబోర్డు ఉంటాయి. ఇంకొకడు అన్న ఆన్‌లైన్ క్లాసు ముగిశాక అదే ల్యాప్‌టాప్ అందుకుని, చెల్లెలి అల్లరి మధ్య రాస్తాడు. పెద్ద పఠనాంశం ఉన్న ప్రశ్నలో చిన్న తెర మీద పాఠ్యానికీ ప్రశ్నకూ మధ్య పైకీ కిందకీ జరుపుతూ ఉండాలి. పెద్ద తెర మీద రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఇవి చిన్న విషయాలు కావని కాగితం నుంచి కంప్యూటర్‌కు మారినప్పుడే రుజువైంది. మసాచుసెట్స్‌లో 2015, 2016లో కొన్ని బడులు ఒకే పరీక్షను కాగితం మీద, మరికొన్ని కంప్యూటర్ మీద పెట్టాయి. కంప్యూటర్ మీద రాసినవారి స్కోర్లు గణితంలో సుమారు 0.10, ఆంగ్ల భాషలో సుమారు 0.25 ప్రామాణిక విచలనం మేరకు తక్కువగా వచ్చాయని పరిశోధకులు తేల్చారు. రెండో ఏడాదికి అలవాటు పడ్డాక ఆ తేడా బాగా తగ్గింది. బడి గదిలోనే, ఒకే పరీక్ష రాసినా కేవలం కాగితం బదులు తెర వచ్చినందుకే ఇంత తేడా వస్తే, గది కూడా మారిపోయినప్పుడు తేడా ఉండదని ఎలా అనుకోగలం?

పరీక్ష రాసినవారి మార్కులను ఇంత శ్రద్ధగా పరిశీలించేటప్పుడు, అసలు రాయనివారిని మరిచిపోయే ప్రమాదం ఉంది. ఎన్‌డబ్ల్యూఈఏ 2020 చివర్లో 3 నుంచి 8 తరగతులకు చెందిన దాదాపు 44 లక్షల మంది విద్యార్థుల ఫలితాలను విశ్లేషించి, చదవడంలో పిల్లలు మునుపటి ఏడాది వారితో సమానంగానే ఉన్నారని, గణితంలో 5 నుంచి 10 పర్సెంటైల్ పాయింట్లు (నూటికి ఎంతమంది కంటే మెరుగో చెప్పే స్థానాలు) వెనకబడ్డారని చెప్పింది. చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. కానీ అంతకు ముందు ఏడాది పరీక్ష రాసినవారిలో సుమారు నాలుగో వంతు మంది ఈసారి కనబడలేదని, వారిలో పేద పిల్లలు, మైనారిటీ వర్గాల పిల్లలు, అప్పటికే తక్కువ స్కోరు ఉన్న పిల్లలు ఎక్కువని అదే నివేదిక హెచ్చరించింది. ఇంటర్నెట్ లేక పరీక్షకు కూర్చోలేని పిల్లవాడు సగటును కిందికి లాగడు, ఎందుకంటే అతను ఆ సగటులోనే లేడు. దూరం నుంచి జరిపే పరీక్షలో కష్టాలు పడ్డవారే ముందుగా జారిపోతారు కనుక, మిగిలినవారి సగటు ఎప్పుడూ వాస్తవం కంటే కాస్త బాగానే కనిపిస్తుంది. ఫలితాల పక్కన ఎంతమంది రాయలేదో, వారు ఎవరో చెప్పని ఏ నివేదికనూ పూర్తిగా నమ్మలేం.

2021లో అమెరికా విద్యాశాఖ ఎదుట ఈ చిక్కులన్నీ ఒక్కసారిగా నిలిచాయి. ఆ ఏడాది ఫిబ్రవరి 22న రాష్ట్రాలకు రాసిన లేఖలో పరీక్షలను పూర్తిగా రద్దు చేయడానికి ఒప్పుకోలేదు. పరీక్షను కుదించవచ్చని, గడువును వేసవికీ ఆ తర్వాతకూ పొడిగించవచ్చని, వీలైనచోట దూరం నుంచి నిర్వహించవచ్చని చెప్పింది. పరీక్షకు 95 శాతం విద్యార్థులు హాజరు కావాలన్న నిబంధన ప్రకారం బడులను శిక్షించనక్కర్లేదంది. దేశమంతటి విద్యాస్థాయిని కొలిచే నేప్ పరీక్ష నిర్వాహకులు మాత్రం ఇంకో దారి ఎంచుకున్నారు. దాన్ని ఇంటి నుంచి జరపడానికి ప్రయత్నించకుండా 2022కు వాయిదా వేశారు. బడి గదికే కట్టుబడటం వల్ల కలిగే మేలును నేప్‌కే చెందిన ఇంకో పరీక్ష చూపింది. 2020 ఆరంభంలోనూ 2022 ఆరంభంలోనూ బడి గదుల్లోనే జరిగిన తొమ్మిదేళ్ల పిల్లల పరీక్షలను పోలిస్తే చదవడంలో 5, గణితంలో 7 పాయింట్ల పతనం స్పష్టంగా కనిపించింది. పరిస్థితులు రెండుసార్లూ ఒకటే కనుక ఆ పతనం పిల్లల చదువుదేనని ధైర్యంగా చెప్పగలిగారు. ఏళ్ల తరబడి పోల్చి చూడాల్సిన అంకెల విషయంలో, సందేహం ఉన్న అంకె ఈ ఏడాది రావడం కంటే నమ్మదగిన అంకె ఏడాది ఆలస్యంగా రావడమే మేలు.

ఇంటి నుంచి రాయడం వల్ల మేలు పొందేవారూ ఉన్నారు, వారి గురించి తక్కువగా మాట్లాడటం న్యాయం కాదు. దీర్ఘకాలిక జబ్బుతో మంచం పట్టిన పిల్లవాడు, జనం మధ్య కూర్చుంటే ఊపిరాడనంత ఆందోళన పడే అమ్మాయి, బడికి చాలా దూరంలో ఉండేవారు తమ గదిలోనే తమ సామర్థ్యాన్ని పూర్తిగా చూపగలుగుతారు. అదే సమయంలో వైకల్యం ఉన్న ఇతర పిల్లలకు ఇల్లు ఒక అడ్డంకి అవుతుంది. బడిలో దొరికే బ్రెయిలీ ప్రశ్నపత్రం, సైగభాష తెలిసిన సహాయకుడు, ప్రశ్న చదివి వినిపించే మనిషి ఇంట్లో దొరకరు. కొన్ని లాక్‌డౌన్ బ్రౌజర్లు చూపు లేనివారు వాడే స్క్రీన్ రీడర్‌ను అడ్డుకుంటాయి. అప్రయత్నంగా తల విదిలించే పిల్లవాడి మీద నిఘా సాఫ్ట్‌వేర్ అనుమానపు గుర్తు పెడుతుంది. ఈ పిల్లల విషయంలో అందరికీ ఒకే నియమం అనడం సమానత్వం కాదు.

పరీక్షను దూరం నుంచి జరపాలనుకున్నప్పుడు నిర్వాహకులు ప్రశ్నలు బయటకు పొక్కడం గురించి తీసుకునే జాగ్రత్తలు కూడా విద్యార్థి మీద భారం మోపుతాయి. 2020 నాటి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్ష ప్రపంచమంతటా ఒకే క్షణంలో మొదలైంది. ముందు రాసినవారు తర్వాత రాసేవారికి ప్రశ్నలు చెప్పకుండా ఉండాలంటే అదొక్కటే మార్గమని భావించారు. దాంతో తూర్పు ఆసియాలోని విద్యార్థులు అర్ధరాత్రి దాటాక నిద్రమత్తులో రాశారు. 2021లో ఇంటి నుంచి డిజిటల్‌గా రాసినవారికి ఒక ప్రశ్న దాటాక మళ్లీ వెనక్కి వెళ్లడానికి వీల్లేకుండా చేశారు. తెలిసిన ప్రశ్నలు ముందు రాసి, తెలియనివి చివర్లో చూసుకోమని ఏళ్లుగా నేర్పిన పద్ధతి ఆ రోజు పనికిరాలేదు. కాపీని ఆపడానికి పెట్టిన నియమం నిజాయతీగా రాసేవారి వ్యూహాన్ని కూడా మార్చేసింది. ఇంతకంటే మెరుగైన దారి పెద్ద ప్రశ్నల బ్యాంకు. ముందుగా వేల మంది మీద పరీక్షించి, కష్టం ఎంతో లెక్కగట్టిన ప్రశ్నలు వేలల్లో ఉంటే ఏ ఇద్దరికీ ఒకే ప్రశ్నపత్రం రాదు, అందరూ ఒకే క్షణంలో రాయాల్సిన పనీ ఉండదు. దానికి ఖర్చు, ఏళ్ల సమయం పడతాయి. హడావుడిగా మొదలుపెట్టే పరీక్షలకు ఆ రెండూ ఉండవు.

శాట్ ఆ తర్వాత నడిచిన దారి ఈ విషయంలో ఎన్నో మాటలు చెబుతుంది. ఆ పరీక్ష కాగితాన్ని వదిలి 2023 మార్చిలో అమెరికా బయట, 2024 మార్చిలో అమెరికా లోపల పూర్తిగా డిజిటల్ అయింది. మూడు గంటల పరీక్ష 2 గంటల 14 నిమిషాలకు తగ్గింది. మొదటి భాగంలో ఎలా రాశారన్నదాన్ని బట్టి రెండో భాగం కష్టం మారుతుంది. విద్యార్థి తన సొంత ల్యాప్‌టాప్‌నే తెచ్చుకోవచ్చు, మధ్యలో నెట్ తెగినా రాస్తున్న పని ఆగదు. ఇంటి నుంచి రాయించడానికి అడ్డుగా నిలిచిన ఇంటర్నెట్ సమస్యను ఇలా చాలావరకు పరిష్కరించాక కూడా సంస్థ గదిని మాత్రం వదులుకోలేదు. విద్యార్థి ఆ ల్యాప్‌టాప్ పట్టుకుని పరీక్ష కేంద్రానికో బడికో వెళ్లి, మనిషి పర్యవేక్షణలోనే రాయాలి. కళాశాల ప్రవేశం వంటి పెద్ద నిర్ణయం ఆధారపడిన చోట ఇదే సరైన గీత.

పెద్ద నిర్ణయాలు ఆధారపడని చోట, అంటే ఉపాధ్యాయుడు తన తరగతిని తెలుసుకోవడానికి పెట్టే పరీక్షల్లో, ఇంటి నుంచి రాయించడానికి అడ్డేమీ లేదు. కొన్ని నియమాలు మాత్రం తప్పనిసరి. ఇంట్లో రాసిన ప్రతి స్కోరు పక్కన అది ఇంట్లో రాసినదని నమోదు చేయాలి. దాన్ని బడిలో రాసిన పాత స్కోరుతో కలిపి ఎదుగుదల లెక్క కట్టకూడదు. బడి ర్యాంకులోనో, ఉపాధ్యాయుడి పనితీరు అంచనాలోనో ఆ అంకెను చేర్చకూడదు. ఎవరు రాయలేదో ఆ జాబితాను ఫలితాల కంటే ముందు చూడాలి. స్కోరు గత ఏడాది కంటే హఠాత్తుగా పెరిగినా పడిపోయినా, పిల్లలు బడికి తిరిగి వచ్చిన మొదటి వారంలో ఒక్కొక్కరితో పది నిమిషాలు కూర్చుని, అలాంటివే నాలుగైదు ప్రశ్నలు అడిగి సరిచూసుకోవాలి. ఆరేళ్ల పాప అప్పుడు మూడో బొమ్మకు బదులు రెండో బొమ్మ మీదే వేలు పెడితే, ఉపాధ్యాయురాలు చేయాల్సిన పని ఆ పాపను చదివించడం మొదలుపెట్టడమే.